మూడో గేటు కాడ రివర్స్ లైటు

కాజీపల్లిల కంపెనీల ఎనక ఒక సందున్నది. ఆ సందుల పోండ్రి, రాండ్రి, ఎవ్వలు అడ్డం రారు. మూడో గేటు కాడ మాత్రం బండి ఆపొద్దు.

ఇది నేను పుట్టిచ్చిన మాట కాదు. ఆ దిక్కు బండి నడిపేటోళ్లను ఎవరినడిగినా ఇదే చెప్తరు. పగటీలి ఛాయ్ తాగుకుంట, నవ్వుకుంట చెప్తరు. పొద్దుగూకినంక ఆ సందుల కాలు పెడ్తే మాత్రం నవ్వుడు బందైతది.

అది మూతపడ్డ రంగుల కంపెనీ. ముంగటి గేటు పెద్ద రోడ్డు మీదికి ఉంటది. మూడో గేటు ఎనక సందులకు. కరెంటు స్తంభాలున్నయి, బల్బులు లేవు. గేటు పక్కపొంటి గడ్డి మనిషెత్తు పెరిగింది. ఆ గడ్డిల మూతలేని గుంతలున్నయంటరు... ఎన్నున్నయో ఎవలు చూడబోయిన్రు?

కంపెనీ నడిచిన కాలంల ఆ గేటుకు ఎల్లయ్య అని వాచ్‌మన్ ఉంటుండె. లోడు కోసం లారీలు ఎనకకు పోతుంటే, ఎనక నిలబడి చెయ్యూపుకుంట "రానీ... రానీ... బస్" అనుడు ఆయన పని. ఆఖరుకు బండిని అరచేత్తోని రెండు దెబ్బలు కొడ్తడు — ఆగుమని. కంపెనీ మూతపడ్డది, అందరు పోయిన్రు, ఎల్లయ్య పోలే. ఒకనాడు అంబులెన్సు వచ్చి ఆయనను పండవెట్టి తీస్కపోయింది. మొఖం మీద గుడ్డ కప్పిన్రని కొందరు, కప్పలేదని కొందరు. తిరిగొచ్చింది మాత్రం ఎవ్వలు చూడలే.

అయినా డ్యూటీ ఇడువలేదంట. ఆ గేటు కాడ బండి ఆపితే ఎనకనుంచి పిలుపు ఇనవడ్తది — "రానీ... రానీ..." ఆ పిలుపు ఇని ఎనకకు పోయినోడు గుంతల పడ్డట్టే. గట్ల పడ్డోడు ఎవడన్న ఉన్నడా అని అడిగితే, "పడ్డోడు ఒచ్చి చెప్తడా?" అంటరు.

ఇగ పెంటయ్య సంగతికొద్దాం.

పెంటయ్యది కొండాపూర్ దిక్కు ఊరు. బోరు ఎండిపోయినంక పొలం ఇడిసి ఒక పాత వ్యాను కొన్నడు. మందుల కంపెనీల ప్యాకింగ్ చేసే ఏడుగురు ఆడోళ్లను రెండో షిఫ్టు ఇడిసినంక భానూర్ దాక ఎవరింటి కాడ వాళ్లను దించుడు ఆయన పని. ఆ ట్రిప్పు ఉన్నదంటే ఇల్లు నడుస్తది, లేదంటే లేదు. ఇంకో ఆధారం లేదు ఆయనకు.

ఒకనాడు కంపెనీల బండి ఎనకకు తీస్కుంట తీస్కుంట, ఆఫీసు ముంగటి పూలకుండీలను వరుసబెట్టి గుద్దిండు. బండ్లను చూసుకునే మురళీమోహన్ సార్ బయటికొచ్చిండు. సార్ వాళ్లది కోస్తా. నాయన నౌకరీ మీద చిన్నప్పుడే ఈడికొచ్చిన్రు గాని, మాట మాత్రం ఇంకా గోదారి దాటలే.

"ఏవయ్యా పెంటయ్యా, ఇవాళ కుండీలు. రేపు మనిషైతే? వెనకాల మంచి లైటు పెట్టించు. లేదంటే వచ్చే నెల నుంచి వేరే బండి మాట్లాడుకుంటాను. తర్వాత నన్నేమీ అనుకోవద్దు."

పెంటయ్య పటాన్‌చెరుల లైటు కొన్నడు. బిగిచ్చేటోడు "ఎల్లుండి రా అన్నా" అన్నడు. పెంటయ్యకు రోషమొచ్చింది. బోరు మోటరుకు స్టార్టర్ కనెక్షన్ ఇచ్చుకున్నోన్ని, రెండు వైర్లు నాకో లెక్కనా అనుకున్నడు.

ఇంటికొచ్చి ఫోన్‌ల వీడియో పెట్టుకోని బండి కిందికి దూరిండు. పని సాఫ్‌గనే చేసిండు, అబద్ధమెందుకు. పాత రివర్స్ బల్బుకొచ్చే వైరు పట్టుకోని దాన్నుంచి కొత్త లైటుకు కరెంటు తీసిండు. కొత్త లైటు నల్ల వైరును బండి కింది ఇనుప చాసిస్‌కు గట్టిగ బిగిచ్చిండు. ఆడిదాక మంచిగనే ఉన్నది. గంతల, పాత లైటు డబ్బా ఎర్తు వైరు — కరెంటు బల్బులకెళ్లి బండి ఇనుములకు దిగే వైరు, బ్రేకు బల్బుకు, రివర్స్ బల్బుకు కలిపి ఒక్కటే ఉండేది — తుప్పు పట్టి చేతికి ఊడొచ్చింది. దాన్ని యాడ బిగియ్యాలె? బంపర్ కింద, చేతికందేట్టు ఒక బోల్టు కనవడ్డది. ఆయన భార్య కౌసల్యమ్మ శనివారం శనివారం దిష్టి నిమ్మకాయ కట్టే బోల్టు అది. గీకి, దానికే బిగిచ్చిండు.

తెల్లారి సార్ ముంగట రివర్స్ గేరు ఏసి చూపిచ్చిండు. ఎనక పట్టపగలు లెక్క ఎలుగు. సార్ తల ఊపి లోపలికి పోయిండు. పెంటయ్య మీసం దువ్వుకున్నడు.

కొన్నాళ్లు మంచిగ నడిచింది. తర్వాత రోడ్డు మీద బ్రేకు కొట్టినప్పుడల్లా ఎనక బండ్లోళ్లు హారన్లు కొట్టుడు మొదలువెట్టిన్రు. ఒకడు పక్కకొచ్చి చెయ్యి తిప్పి తిట్టిపోయిండు. కొత్త లైటు చూసి కుళ్లుకుంటున్నరు అనుకున్నడు మనోడు.

ఇగ ఆ రాత్రి...

షిఫ్టు ఇడిసిన్రు. ఏడుగురు ఎక్కిన్రు. బండి సందుల పడ్డది. మూడో గేటు ముంగట్నే ఒక స్పీడ్ బ్రేకర్ ఉంటది. లారీల కాలంల ఏసిన్రు. లారీలు పోయినయి గాని అది పోలే. ఆడ బ్రేకు తొక్కక తప్పదు.

పెంటయ్య బ్రేకు తొక్కిండు.

ఎనక తెల్లగ ఎలుగొచ్చింది.

గేటు, గోడ, గడ్డి — అన్ని ఒక్కసారి కనవడ్డయి. పెంటయ్య గేరు దిక్కు చూసిండు. రెండో గేర్ల ఉన్నది. చేత్తోని తడిమి చూసిండు... రెండో గేరే.

ఎనక సీట్ల కూసున్న నర్సింహమ్మ మెల్లగ అడిగింది. "పెంటన్నా... ఎనకకు ఎందుకు పోతున్నవ్?"

"పోతలేనక్కా."

"మరి లైటేంది?"

పెంటయ్య అద్దంల చూసిండు. ఎలుగు అంచుకు, గడ్డి పక్కపొంటి, ఎవలో నిలబడ్డరు. ఒక చెయ్యి మీదికి లేసి ఉన్నది. ఆ చెయ్యి మెల్లగ ఊగుతున్నది — దా... దా... అన్నట్టు.

"రానీ..." అని ఇనవడ్డది. "రానీ..."

పెంటయ్య కాలు బ్రేకు మీదికెళ్లి తీసిండు. తీసుడుతోనే ఎలుగు మాయమైంది. మల్ల ఎనక చీకటే. ఆ బండి అంత జోరుగ పోతదని పెంటయ్యకు ఆనాడే ఎరుకైంది.

ఇంటికి పోయి కౌసల్యమ్మకు చెప్పిండు. ఆమె భయపడే మనిషి కాదు, బందోబస్తు చేసే మనిషి. "ఒక్క నిమ్మకాయకు ఆగుతలేడంటే, జెర గట్టి మనిషే అయి ఉంటడు" అన్నది. తెల్లారి మూడు నిమ్మకాయలు నడిమికి కోసి, కుంకుమ పెట్టి, మిరపకాయలు గుచ్చి, అదే బోల్టుకు గుత్తి కట్టింది. రసం కారుతుంటే మంచిదే, ఘాటుకు దగ్గరికి రాడు అన్నది.

ఆ రాత్రి ఎలుగు ఇంకింత ఎక్కువొచ్చింది.

పిలుపు దగ్గరికొచ్చింది. పిలుపుతో పాటు ఇనుప గొలుసు గుంజుతున్న చప్పుడు... ఆ తర్వాత కాళ్ల చప్పుడు. ఎవలో బండి ఎంబడి ఉరుకుతున్నరు. ఆడోళ్లు ఒకల చేతులు ఒకలు పట్టుకున్నరు. ఒకామె ఏడ్సింది. పెంటయ్యకు గూడ ఏడుపొచ్చింది గాని, డ్రైవర్ ఏడిస్తే మంచిగుండదని ఊకున్నడు.

కౌసల్యమ్మ తెల్లారి ఐదు నిమ్మకాయలు కట్టింది.

మూడోనాటికి నర్సింహమ్మ దిగేటప్పుడు బండి తలుపు పట్టుకోని నిలబడ్డది. ప్యాకింగ్‌ల అందరికన్న పెద్దామె. ఆమె మాటంటే ఏడుగురి మాటే.

"పెంటన్నా, నువ్వు మంచోనివే. మా పానాలు గూడ మంచియే. ఈ లైటు పెట్టినకాంచే ఇది మొదలైంది. రేపు గూడ గిట్లనే అయితే సార్‌తోని చెప్పి వేరే బండి మాట్లాడుకుంటం. ఏమనుకోకు."

"పెద్ద రోడ్డు మీదికెళ్లి తీస్కపోత అక్కా."

"పోరగాండ్లు అన్నం తినక కూసుంటరు. గంత దూరం తిరిగి ఎప్పుడు పోవాలె? సందులకెళ్లే పోవాలె. అది లేకుంట పోవాలె." గట్లని దిగిపోయింది.

పెంటయ్యకు ఆ రాత్రి నిద్ర పట్టలే. ట్రిప్పు పోతే బండి దేనికి? బండి పోతే తానెందుకు? ఏడుగురు ఆడోళ్లు తన బండిని చూసి భయపడుతున్నరన్న సంగతి ఆయనకు దయ్యం కన్న ఎక్కువ బాధ పెట్టింది. పండుకోని ఆలోచన చేసిండు. బ్రేకు తొక్కినప్పుడే గద ఎలుగొస్తుంది? ఇగ బ్రేకే తొక్కకపోతే?

తెల్లారి రాత్రి అందరు ఎక్కినంక చెప్పిండు. "అక్కా, గట్టిగ పట్టుకోండ్రి. స్పీడ్ బ్రేకర్ కాడ ఆపుత లేను."

నర్సింహమ్మ ముంగటి సీటు రాడ్డు పట్టుకున్నది. మిగిలినోళ్లు ఆమెను పట్టుకున్నరు.

బండి జోరుగొచ్చింది. స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరింది. ఏడుగురి తలకాయలు పైన రేకుకు తాకినయి, సద్ది డబ్బాలు కింద దొర్లినయి. మూడో గేటు పక్కపొంటి గాలి లెక్క దాటిపోయింది. ఎలుగు లేదు. పిలుపు లేదు. పెంటయ్య పెయ్యి మీదికి పానం మల్ల వచ్చింది.

"దాటినం—" అనబోయిండు.

ముంగట మట్టికుప్ప. పైపులైన్ కోసం పగటీలి సందు అడ్డం తవ్వి, మట్టి ఆడనే పోసి పోయిన్రు. లైటు లేదు, అడ్డం కట్టె లేదు.

రెండు కాళ్లతోని బ్రేకు తొక్కిండు. బండి మట్టి ముంగట ఆగింది... ఎనక తెల్లగ ఎలుగొచ్చింది.

ముంగటికి పోరాదు. సందుల బండి తిరగదు. తిరగాలంటే ఉన్న జాగ ఒక్కటే — మూడో గేటు ముంగట. ఆడికి ఎనకకు పోవాలె.

"పెంటన్నా..." నర్సింహమ్మ ముంగటికి వంగింది. "ఏం చేస్తవ్?"

"ఎనకకు పోవాలె అక్కా."

పెంటయ్య రివర్స్ గేరు ఏసిండు. ఈసారి లైటు ధర్మంగనే ఎలిగింది. అద్దంల చూసిండు. గోడ, గడ్డి, దుమ్ము... దుమ్ము నడుమ మనిషి. ఈసారి పూరాగ కనవడ్డడు. ఖాకీ అంగీ. తలకు మంకీ టోపీ. చెయ్యి మీదికి లేసింది.

"రానీ..."

బండి కదిలింది.

"రానీ... రానీ... లెఫ్ట్ తియ్యి... లెఫ్ట్..."

లెఫ్ట్ తియ్యాల్నా, వద్దా? తీస్తే గుంతనేమో. తియ్యకపోయినా గుంతనేమో. కొత్త లైటు ఎలుగుల గడ్డి కనవడ్తున్నది గాని, గడ్డి కింద ఏమున్నదో ఆ లైటుకేం ఎరుక? ఎనక ఏడుగురున్నరు, వాళ్ల ఇండ్లల్ల పోరగాండ్లు అన్నం తినక కూసున్నరు.

లెఫ్ట్ తీసిండు. ఎందుకు తీసిండో ఆయనకే తెల్వదు. అన్నేండ్ల సంది ఎనకనుంచి ఎవలు చెప్తే గట్ల తిప్పిన చేతులు, అవే తిప్పినయి.

"రానీ... రానీ... బస్! బస్! బస్!"

దబ్, దబ్. బండి రేకు మీద రెండు దెబ్బలు.

ఆపిండు. ఇంజను బందైంది. ఆడోళ్లల్ల ఒకామె దేవుని పేరు ఎత్తుకోని, మధ్యల మర్చిపోయి, మల్ల మొదటినుంచి ఎత్తుకున్నది.

కాళ్ల చప్పుడు పక్కకొచ్చింది. కిటికీ అద్దం మీద వేలుతోని కొట్టిండు. పెంటయ్య అద్దం దించలే. స్టీరింగు దిక్కే చూసుకుంట కూసున్నడు.

అప్పుడు నర్సింహమ్మ, ఏడుగుర్ల ఒక్కతే, ఫోన్ లైటు ఏసి పక్క తలుపు బెత్తెడు తెరిసింది. దయ్యానికి పాదాలు ఎనకకు తిరిగి ఉంటయని ఆమె అత్త చెప్పింది. లైటు కిందికి కొట్టింది. హవాయి చెప్పులు. ఒకదానికి పట్టీ తెగితే పిన్నీసు పెట్టిండు. వేళ్లు ముంగటికే ఉన్నయి.

"నువ్వు... ఎల్లయ్యవా?" అన్నది.

"ఔ."

"సచ్చిపోయినవంట గద?"

"ఎప్పుడు?" అని అడిగిండు ముసలాయన.

పెంటయ్య దిగిండు. ఎల్లయ్య టార్చి గడ్డి దిక్కు కొట్టిండు. ఎనక చక్రానికి జానెడు దూరంల మూతలేని గుంత, లోపల నల్లటి నీళ్లు. పెంటయ్య ముసలాయన రెండు చేతులు పట్టుకున్నడు. "తాతా, ఏడుగురిని కాపాడినవ్. నిన్ను దయ్యమనుకున్నం. తప్పైంది" అన్నడు. అనుకుంటనే ఏడ్సిండు. ఈసారి డ్రైవర్ ఏడిస్తే బాగుంటదా ఉండదా అని చూసుకోలే.

"నాకు కామెర్లయితే దవాఖాన్ల ఏసిన్రు బిడ్డా. బాగై వచ్చిన. ముంగటి గేటుకెళ్లి వచ్చిన. నా బిడ్డ గూడ ఐతారం ఐతారం బియ్యం తీస్కోని ఆ గేటుకెళ్లే వస్తది. సామాను కాడ ఒక మనిషి ఉండాలె అని కంపెనీ సార్లు అన్నరు, ఉన్న. ఈ దిక్కెళ్లి పోయేటోళ్లు ఒక్కలు ఆగరు. ఎందుకాగరో అనుకుంటుంటి."

"ఈ లైటు సంగతేంది మరి?" అన్నది నర్సింహమ్మ. ఆమెకు ఇంకా పూరా నమ్మకం కుదరలే.

పెంటయ్య బంపర్ కిందికి వంగి చూసిండు. ఐదు నిమ్మకాయలు చుక్కచుక్క కారుతున్నయి. రసం దిగీ దిగీ బోల్టంత తెల్లగ, పచ్చగ పొక్కులు లేసింది. దానికి బిగిచ్చిన ఎర్తు వైరు ముట్టుకుంటే ఊడొచ్చింది. బోల్టుకెళ్లి దిగే తొవ్వ దొరకక, బ్రేకు కరెంటు పాత రివర్స్ బల్బులకెళ్లి తిరిగి కొత్త లైటులకు పోతున్నది. కౌసల్యమ్మ నిమ్మకాయలు పెంచినకొద్ది ఎలుగు గూడ పెరిగింది.

నర్సింహమ్మ ఆ గుత్తిని చూసింది, పెంటయ్యను చూసింది.

"కౌసల్యకు చెప్పకు అన్నా. బాధ పడ్తది."

బండ్లకెళ్లి ఎవలో కిసుక్కున నవ్విన్రు. ఇగ ఒకలెంట ఒకలు అందరు నవ్విన్రు. పొట్ట పట్టుకోని నవ్విన్రు. భయం దిగిపోతే గంత నవ్వొస్తది. "వేరే బండి ముచ్చట నేను అనలే, నువ్వు ఇనలే" అన్నది నర్సింహమ్మ. పెంటయ్యకు అప్పుడు ఆకలైంది. మూడు దినాల సంది తిన్న తిండి పెయ్యికి పట్టలేదాయె.

నవ్వుడైనంక నర్సింహమ్మకు కోపమొచ్చింది. ముసలాయన మీదికి మర్లింది.

"లైటు పడితే పడ్డది పెద్దాయనా. రోజు గట్ల రానీ రానీ అనుకుంట మా ఎంబడి ఉరుకుడేంది? గొలుసు చప్పుడేంది? మా పానాలు పోయినయి గద!"

ఎల్లయ్య మంకీ టోపీ తీసి చేతుల పట్టుకున్నడు. తప్పు చేసినోని లెక్క నిలబడ్డడు.

"ఎన్నేండ్లకో నా గేటు కాడ ఒక బండి రివర్స్ లైటు ఏసింది బిడ్డా..." అన్నడు. "కంపెనీ మల్ల తెరుస్తున్నరేమో అనుకున్న."

నర్సింహమ్మ ఫోన్ లైటు ఆయన ఎనకకు పోయింది. మూడో గేటు రెండు రెక్కలు బార్లా తెరిసి ఉన్నయి. గొలుసు తీసి పక్కకు చుట్టపెట్టిండు. లోపల ఆకులు, చెత్త ఒక్కటి లేకుంట, లారీ పట్టేంత జాగ ఊడ్చి పెట్టి ఉన్నది.

నర్సింహమ్మ కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. "యాడనైనా తిప్పాల్సిందే గద అన్నా," అన్నది మెల్లగ, "లోపలికే తియ్యి."

పెంటయ్య పోయి సీట్ల కూసున్నడు. అద్దం పూరాగ దించిండు. ఇంజను చాలు చేసి, బండిని గుంత కాడికెళ్లి జెర ముంగటికి తీసిండు. రివర్స్ గేరు ఏసిండు.

"జెర చెప్పు తాతా, నాకు కనవడ్తలేదు" అన్నడు.

ఎల్లయ్య టోపీ పెట్టుకోని, అంగీ సర్దుకోని, ఊడ్చిన జాగల పోయి నిలబడ్డడు. చెయ్యి లేపిండు.

"రానీ..." అన్నడు.

పెంటయ్య పోనిచ్చిండు.